గడప దాటి వచ్చిన అక్క

మా ఆయన బాప్తిస్మం తీసుకున్న పొద్దున నేను కొడుకును చంకనెత్తుకుని వాగు ఒడ్డున నిలబడ్డాను. ఎండ బాగానే వచ్చింది. వాక్యం చెప్పే ఉపదేశి మా ఆయన తలను వెనక్కి వంచి నీళ్లలో ముంచినప్పుడు, ఆ తల మళ్లీ పైకి వస్తుందో రాదో అని నాకు ఊపిరాడలేదు. వచ్చింది. ముఖం మీద నీళ్లు కారుతుండగా ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఒడ్డున ఉన్న ఊరవతలి వాడ జనం పాట ఎత్తుకున్నారు. నేను మాత్రం పొలిమేరలో కనిపిస్తున్న పోచమ్మ గుడి వైపు తిరిగి, "తల్లీ, ఈ పసివాణ్ని ఏమీ అనకు, వీడికేం తెలియదు" అని లోలోపల మొక్కుకుంటున్నాను.

మాది దేవరకొండకు దగ్గరలో ఒక చిన్న ఊరు. సాలెవాళ్ల వీధిలో మా ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వంట, ఆ వెనక చిన్న పెరడు. ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త, మూడో ఏడు నడుస్తున్న మా కొడుకు. తెలంగాణను ఆంధ్రతో కలిపిన కొత్త రోజులవి. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు ఉంటాయేమో.

మా ఆయన భయస్థుడు. ఆ మాట ఆయనను తక్కువ చేయడానికి అనడం లేదు. రజాకార్ల కాలంలో ఆయన ఒక పగలంతా జొన్నచేలో బోర్లా పడుకుని, తన ఈడువాళ్లను కొడుతున్న చప్పుళ్లు విన్నాడట. చేలోంచి లేచి వచ్చిన మనిషి మునుపటి మనిషి కాలేదని మా అత్త చెప్పేది. నేను కాపురానికి వచ్చాక కూడా వీధిలో బూట్ల చప్పుడు వినిపిస్తే ఆయన నేస్తున్నవాడల్లా మగ్గం గుంటలోకి ఒంగిపోయి, చప్పుడు దూరమయ్యేదాకా తల ఎత్తేవాడు కాదు.

ఊరికి తూర్పున, అంటరానివాళ్లంటూ ఊరు దూరం పెట్టిన జనం ఉండే వాడ. ఆయన ముతక చీరలు, దుప్పట్లు భుజాన వేసుకుని అక్కడికి అమ్మడానికి పోయేవాడు. అక్కడ ఒక ప్రార్థన గుడిసె ఉండేది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి నడిచి వచ్చి ఆ వాడలోనే ఉండిపోయిన ఉపదేశి ఒకాయన అందులో వాక్యం చెప్పేవాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ దగ్గు. మా ఆయన మొదట గుడిసె బయట మూట దించి కూర్చుని వినేవాడట. తరువాత లోపల కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఇంటికి వచ్చి, "ఇయ్యాల ఆడ గోడకు ఒరిగి కన్నంటుకుంది. భయం లేకుంట పండుకున్న" అన్నాడు. ఆయన పగలు కునుకు తీయడం నేను అంతవరకు చూడలేదు. ఆయనకు రక్షణ అంటే మొదట తెలిసింది అదే అనుకుంటాను, భయం లేని కునుకు.

మా వీధి పెద్దలకు ఆయన దేవుణ్ని మార్చుకోవడం అంత పెద్ద తప్పుగా తోచలేదు. వాళ్ల కోపమంతా తిండి దగ్గర వచ్చింది.

"ఏ దేవునికి మొక్కుకుంటవో మొక్కుకో. గా వాడోళ్ల పక్కపొంటి కూసుండి తినుడేందిరా?" అని ఒక పెద్దాయన మా గుమ్మం ముందు నిలబడి అడిగాడు.

మా ఆయన మగ్గం గుంటలోంచి తల పూర్తిగా ఎత్తలేదు. అయినా, "వాళ్లు నాకు అన్నదమ్ములైనంక తినకుంట ఎట్లుంట నాయినా?" అన్నాడు.

ఆ రోజు నుంచి బావి దగ్గరికి నేను పోతే మిగతా ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు. శుభకార్యానికి పిలుపు లేదు. పిల్లలను మా ఇంట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. మా అత్త ఇంట్లోనే రెండో పొయ్యి పెట్టుకుంది. తన కొడుకు తాకిన చెంబు ముట్టేది కాదు. అయినా ఇల్లు వదిలి పోలేదు. చుట్టాలు వచ్చి తమతో రమ్మంటే, "కొడుకును ఇడువలేను, పోచమ్మను ఇడువలేను. గీ ఇద్దరి నడుమనే సస్త" అంది.

ఆయన వెంట ఆదివారాలు నేను కూడా ప్రార్థన గుడిసెకు పోయేదాన్ని. ఇష్టపడి కాదు. ఆయన ఒక్కడే పోతే దారిలో ఎవరైనా కొడతారేమో అని పోయేదాన్ని. గుడిసె గోడకు గుడ్డ మీద వేసిన బొమ్మ ఒకటి వేలాడేది. లోకమంతా నీళ్లు, నడుమ పెద్ద ఓడ, ఓడలో దేవుడు కాపాడిన కొందరు, బయట నీళ్లలో చేతులు పైకి చాపుతున్న జనం. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. లోపలికి ఎక్కితే పోచమ్మ ఊరుకోదు. బయటే ఉంటే నీళ్లు ఊరుకోవు. కొడుకును గట్టిగా పట్టుకుని ద్వారం దగ్గరే కూర్చునేదాన్ని, సగం ఒళ్లు లోపల, సగం బయట.

అక్కడి వాళ్లు నెలకోసారి కలిసి వండుకుని తినేవాళ్లు. ఎవరి ఇంట్లోంచి వాళ్లు పిడికెడో దోసెడో జొన్నలు తెచ్చి ఒక్కటిగా దంచి గటక వండేవాళ్లు. మొదటిసారి ఆ వరుసలో కొంగు దగ్గరకు లాక్కుని కూర్చున్నాను. వడ్డిస్తున్న ఆమె ముఖం నిండా అమ్మవారి మచ్చలు. నడివయసు దాటింది, మొగుడు లేడు. పొలం పనులకు పోయి బతికేది. నా ముందుకు వచ్చి నా ముఖం ఒకసారి చూసింది. అందరికీ గరిటె నిండా పెట్టిన మనిషి నా ఆకులో మాత్రం చాలా కొంచెం పెట్టి ముందుకు జరిగింది. నేను మింగలేక మిగిలిస్తే నలుగురిలో తలవంపు అవుతుందని అలా చేసిందని ఇంటికి పోయాక అర్థమైంది. అప్పటికి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఉపదేశి చెప్పేవాటిలో నాకు చాలా తలకెక్కేవి కావు. పాపం, క్షమాపణ, కొత్త జన్మ అంటుంటే వినేదాన్ని. ఒకటి మాత్రం గుర్తుండిపోయింది. "పులి నోట్లకెళ్లి గొర్రెను గుంజుకొచ్చినంక కాపరి ఏం జేస్తడు? మందల ఇడుస్తడు. ఒక్కదాన్ని అడవిల ఇడిసిపెడితే అది బతికినట్టా? రక్షణ గట్లనే. ఒక్కొక్కలకు దొరుకుతది గని ఒక్కలే దాసుకునేటిది గాదు" అనేవాడు. వినడానికి బాగుండేది. కానీ మంద అంటే ఎవరు? నన్ను చూసి పక్కకు జరిగే నా వీధివాళ్లా, నేను చూసి ముడుచుకుపోయే ఈ వాడవాళ్లా? నాకు ఏ మందా లేదనిపించేది.

ఎండలు ముదిరే వేళకు ఊళ్లోకి అమ్మవారు వచ్చింది, టీకాలవాళ్లు మశూచి అనే రోగం. మొదట కల్లు గీసే గౌండ్లవాళ్ల వీధిలో ఇద్దరు పిల్లలకు పోసిందన్నారు. తరువాత ఒక్కో వీధికి పాకింది. నాకూ మా ఆయనకూ చిన్నప్పుడే టీకా గుచ్చారు. మా కొడుకుకు మాత్రం వేయించలేదు. కిందటేడు టీకాలవాడు వచ్చినప్పుడు మా అత్త వాణ్ని చీరల మూట వెనక దాచేసింది. తల్లికి కోపం వస్తుందని ఆమె భయం.

ఒకరోజు పొద్దున వాడు లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. చూస్తుండగానే ముఖం మీద, చేతుల మీద ఎర్రగా పొక్కులు తేలాయి. మా అత్త గుమ్మానికి వేపమండలు కట్టింది. వేపాకు పరిచి వాణ్ని దాని మీద పడుకోబెట్టి, తన ఒడిలో తల పెట్టుకుంది. "నేను జెప్పలేదా?" అని ఆమె అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. ఆమె తన కొడుకు వైపు చూడను కూడా చూడలేదు.

ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నేయడం లేదు, ఊరికే కూర్చున్నాడు.

"నేను జేసినదానికి వచ్చిందా ఇది? నా వల్లనేనా?" అని అడిగాడు నన్ను.

కాదు అని చెప్పాలని నాకు ఉంది. కానీ నాకు నమ్మకం లేదు. ఆ ప్రశ్న నాదే. ఆయన వాగులో మునిగిన రోజు నేను మొక్కిన మొక్కు తల్లి వినలేదా? విని కూడా కావాలనే వాణ్ని ఎంచుకుందా? లేకపోతే నేను ఇటు మొక్కి అటు కూర్చున్నందుకు ఆ దేవుడే చేయి తీసేశాడా? ఎవరిని బతిమాలాలో తెలియని భయం అంతకు ముందు నేను ఎరగను.

ముసిరిన పొక్కులు నోట్లో కూడా లేచి వాడు నీళ్లు మింగలేక ఏడుస్తున్న రోజు మిట్టమధ్యాహ్నం పెరటి తడిక చప్పుడైంది.

"ఎవ్వలది?" అంది మా అత్త.

"నేనే పెద్దమ్మా, వాడలకెళ్లి వచ్చిన."

ఆ మచ్చల ముఖం ఆమే. తడిక అవతల నిలబడి ఉంది.

"ఎందుకొచ్చినవ్? ఇంట్ల తల్లి ఉన్నది. మైల తగులొద్దు. పో."

"నా మొకం జూడు పెద్దమ్మా. తల్లి నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది. మల్ల రాదు. నీ కోడలు ఒక్కతి ఎన్ని దినాలు నిలవడుతది? పిలగాని పక్కన జరసేపు కూసుంట."

"తల్లి కోపం ఇంక పెంచుతవా? పొమ్మంటున్న గదా!"

ఆమె పోలేదు. ముందుకు రాలేదు కూడా. నా వైపు చూసింది. నా కళ్ల ముందు కొడుకు పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు.

"అక్కా, లోపటికి రా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే ఆశ్చర్యం. ఆమెను అక్క అని పిలవడం అదే మొదలు.

తడిక తీసుకుని పెరట్లోకి వచ్చి గడప దగ్గర మళ్లీ ఆగింది. "పెద్దమ్మా, ఇల్లు నీది. నువ్వు కాదంటే నేను గడప దాటను" అంది.

మా అత్త రమ్మనలేదు. పిల్లవాడి తల నా ఒడిలోకి మార్చి, కొంగు దగ్గరకు లాక్కుని, గోడ వైపు జరిగింది. ఆ జరిగిన జాగాలోకి అక్క వచ్చి కూర్చుంది.

ఆమె చేసినవన్నీ చిన్న పనులే. పాత మెత్తటి గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి వాడి రెప్పలు అంటుకోకుండా తుడిచేది. గోక్కోకుండా చేతులకు గుడ్డలు చుట్టింది. అంబలి పలచగా చేసి, చుక్క చుక్కగా పెదవుల మీద పిండేది. తుడుస్తూ తుడుస్తూ పెదవులు కదిలించి ప్రార్థన చేసుకునేది. అవతలి గోడ దగ్గర మా అత్త పోచమ్మకు మొక్కుకునేది. ఆ రెండు గుసగుసల మధ్య నా కొడుకు ఆయాసపడేవాడు. ఒక పేరు విని రెండో వాళ్లకు కోపం వస్తుందేమో, ఇద్దరూ కలిసి వాణ్ని వదిలేస్తారేమో అని నాకు భయం. "అక్కా, బయట కూసుండి ప్రార్థన జేస్తవా?" అని ఒకసారి అడిగాను కూడా.

"మనసుల జేసుకుంట తియ్. నువ్వు భయపడకు" అంది.

"భయపడకు అంటే పోతదా అక్కా?"

"పోదు" అంది ఆమె, గుడ్డ పిండుతూ. "నాకు గూడ పోలే. ఊరోళ్లు నన్ను గీ ఇంట్ల జూస్తె ఏమంటరో అని వచ్చేటప్పుడు దారంత కాళ్లు గుంజినయ్."

ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. భయం లేదని చెప్పి ఉంటే కుదిరేది కాదేమో.

పొక్కులు చీము పట్టి, తరువాత ఎండి, పొలుసులు రాలాయి. వాడు ఒకనాడు కళ్లు తెరిచి మా అత్తను చూసి "ఆకలి" అన్నాడు. ముఖమంతా గుంటలు పడ్డాయి కానీ రెండు కళ్లూ నిలిచాయి. మా ఆయన బయటికి పోయి పెరట్లో గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. మా అత్త తన పొయ్యి మీద జావ కాచి వాడికి తాగించింది. పోచమ్మకు బోనం మొక్కుకుంది. ఎవరు బతికించారన్న మాట మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

మనుమణ్ని అన్నాళ్లు ఒడిలో పెట్టుకున్న మనిషికి అది అంటకుండా ఉంటుందా? వాడు లేచి నడుస్తున్నాడో లేదో, ఆమె నడుం నొప్పి అని పడుకుంది. ఆమెకు చిన్నప్పుడు రాలేదట, టీకా లేదు. ఆమెకు పొక్కులు పైకి తేలనే లేదు. ఒళ్లంతా కమిలి నల్లబడింది. అక్క ఆ చర్మం చూసి నన్ను పెరట్లోకి పిలిచి, "గిట్ల వస్తె కష్టం బిడ్డా. గుండె రాయి జేసుకో" అంది.

మా అత్తకు తెలివి పోలేదు. "నన్ను ముట్టొద్దని ఆమెకు జెప్పు" అంది నాతో. అక్క విన్నది. గడప అవతల కూర్చుని, ఏం చేయాలో నాకు చెబుతుంటే నేను చేసేదాన్ని. నా చేతులు ఆమె చేతుల్లా కుదురుగా ఉండేవి కావు. మా అత్త మూలిగేది. అక్క అక్కడి నుంచి చూస్తూ తన చేతులను తానే నలుపుకునేది.

ఒక పొద్దున నేను బావికి పోయాను. తిరిగి వచ్చేసరికి అక్క గడప లోపల ఉంది. మా అత్త తల ఆమె తొడ మీద ఉంది. చెంబు వంచి నీళ్లు పోస్తుంటే మా అత్త గుటక వేస్తోంది. నేను బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మా అత్త నన్ను చూసింది. "ఏం జూస్తున్నవ్? దూప అయింది" అంది.

తరువాత కళ్లు మూసుకుని, "గీమె చేయి సల్లగుంది. ఉండనీ" అంది. అంతే. ఆమె యేసు పేరు ఎత్తలేదు, ఎవరూ ఎత్తమని అడగలేదు. మరునాడు పొద్దు వాలకముందే పోయింది.

చావు కబురు వీధిలో చెప్పడానికి మా ఆయన వెళ్లాడు. ఎవరూ తలుపు తీయలేదు. వాళ్లను నేను తప్పు పట్టను. ఏ ఇంట్లో చూసినా పిల్లలు పడకేసి ఉన్నారు. మా గుమ్మం ముందు నిలబడి గద్దించిన పెద్దాయన మాత్రం వీధి మలుపు దాకా వచ్చి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన మనుమరాలికి కూడా పోసింది.

ఎత్తడానికి మనుషులు లేరు. వాడ నుంచి ఉపదేశి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లలో సంఘపెద్ద ఒకాయన పెరట్లోనే ఆగిపోయాడు.

"అయ్యా, ఆమె మనామె గాదు. పొద్దుగాల గూడ పోచమ్మకే మొక్కింది. మనం ఎత్తుడు ఎట్ల? పైంగ రోగం. మన పిల్లలకు అంటితె?"

నాకు ఆయన మాటలో తప్పు కనిపించలేదు. ఆ రోగం వాళ్ల ఇళ్లకు మా ఇంటి నుంచి పోతే ఏ ముఖంతో ఆ వరుసలో కూర్చుంటాను?

ఉపదేశికి దగ్గు తెర వచ్చింది. ఆగాక అన్నాడు: "నీ భయం నిజమే. నాకూ ఉన్నది. గని ప్రభువు మనలను ముట్టేటప్పుడు మనం ఎవలోళ్లం? ఎవలోళ్లమూ కాదు. నువ్వు ఎత్తకుంటె తప్పు బట్టను. జర పక్కకు జరుగు, నేను పట్టుకుంట."

ఆ దగ్గు మనిషి పాడె కింద భుజం పెట్టబోతే సంఘపెద్ద చూడలేకపోయాడు. "నీతోని ఏడైతది?" అంటూ ఆయనను పక్కకు నెట్టి తానే పట్టాడు.

మా ఆయన ఒకటే కోరాడు. "మా అమ్మ ఆమె పద్ధతిలనే పోవాలె." ఉపదేశి తల ఊపాడు. వాళ్లు ముందు నడుస్తుంటే వీధి మలుపులో నిలబడ్డ పెద్దాయన దూరం నుంచే అరిచి చెప్పాడు, ఎక్కడ దించాలో, ఎటు తిరగాలో, కుండ ఎప్పుడు పగలగొట్టాలో. మా ఆయన అలాగే చేశాడు. కొంగు తగులుతుందని దూరం జరిగిన మనిషి ఆ నలుగురి భుజాల మీద పోతుంటే, కిటికీల సందుల్లోంచి వీధంతా చూసింది. ఆమె కోపగించుకుంటుందా, ఊరుకుంటుందా అని నేను ఆ ముఖం వైపే చూస్తూ నడిచాను.

దేవుడి దయ వల్ల ఎత్తిన నలుగురిలో ఎవరికీ రోగం రాలేదు. నేను మాత్రం ఎన్నో పొద్దులు వాళ్ల ఇళ్ల వైపు చూస్తూ, ఎవరింటి గుమ్మానికైనా వేపమండ కట్టారా అని వెతుక్కునేదాన్ని.

ఆ తరువాత నన్ను మరో భయం పట్టుకుంది. గోడ మీది ఆ బొమ్మ. నీళ్లలో చేతులు చాపినవాళ్లలో నాకు మా అత్త చేతులు కనిపించసాగాయి, నా కొడుకు తలను పట్టుకున్న చేతులు. ఉండబట్టలేక ఒక ఆదివారం అందరూ పోయాక ఉపదేశిని అడిగాను.

"అయ్యా, మా అత్త ఏడున్నది?"

ఆయన గోడ మీది బొమ్మ వైపు చూశాడు. "రక్షణ యేసు ప్రభువులనే ఉన్నదని నేను జెప్త. జెప్పకుంట ఉండలేను. గని ఎవలకు ఎట్ల అందుతదో గా లెక్క నా చేతుల లేదమ్మా. తెలిసినట్టు జెప్తె నేను దొంగనైత" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను లేచి వచ్చేశాను. భయం తగ్గలేదు.

అక్కను కూడా అడిగాను. కలుపు తీస్తూ ఉంది. తల ఎత్తకుండానే అంది: "నాకేం తెల్సు బిడ్డా? నా అసుంటి దాని తొడ మీద తల పెట్టుకుని నీళ్లు తాగింది. నేనే ఆమెను కింద పడెయ్యలే. నన్ను ఎత్తుకున్నోడు పడేస్తడా? నాకైతె అట్ల అనిపియ్యదు. ఆయనకే ఒదిలేసిన."

వానలు పడి వాగు నిండాక నేను కూడా బాప్తిస్మం అడిగాను. అడిగేముందు ఉపదేశితో, "నాకు భయం పోలే అయ్యా. పోచమ్మ గుడి ముందటికెళ్లి పోతె ఇప్పటికీ గుండె కొట్టుకుంటది. భయం పోనోళ్లు మునగొచ్చునా?" అన్నాను.

"భయం పోయినోళ్లను నేను ఇంతవరకు ఒక్కలను గూడ ముంచలే" అన్నాడు ఆయన.

మరుసటి ఎండాకాలానికి నా ఒడిలో ఆడపిల్ల ఉంది. ఈసారి టీకాలవాడు ఊళ్లోకి వచ్చాడని వినగానే పిల్లను ఎత్తుకుని నేనే ఎదురు పోయి వేయించాను. బిడ్డ భుజం మీద టీకా పుండు మానిందో లేదో, యాదగిరిగుట్టకు పోయి వస్తున్న ఒక కుటుంబం బండి మా ఊరి బయట ఆగింది. మొగుడు, పెళ్లాం, పిల్ల. పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించుకుని మహబూబ్‌నగర్ దిక్కు తమ ఊరికి పోతున్నారు. దారిలో ఆ పిల్లకు అమ్మవారు పోసింది. ఏ ఊరూ వాళ్లను లోపలికి రానివ్వలేదట. మా ఊరు కూడా రానివ్వలేదు.

వాడవాళ్లు వాళ్లను ప్రార్థన గుడిసెలో పెట్టారు. మాట్లాడుకుని పెట్టారు, పోట్లాడుకుని కూడా పెట్టారు. పిల్లలున్నవాళ్లు కొందరు ఆ వైపు రావడమే మానేశారు. ఆదివారం ప్రార్థన బయట ఎండలో జరిగింది. అక్క లోపల పిల్ల దగ్గర ఉండి, ఒకనాడు నాకు కబురు పెట్టింది: "నాకు నడుం పట్టింది. ఒక పూట వస్తవా?"

కబురు తెచ్చిన మనిషి ఎదురుగా ఉండగా, ఒడిలో పాలు తాగుతున్న నా బిడ్డను చూసుకున్నాను. టీకా పనిచేస్తుందో లేదో ఎవరికి తెలుసు? మా ఆయన నా ముఖం చూసి, "నువ్వు పోకుంటె ఎవ్వలు ఏమనరు" అన్నాడు. కాసేపు ఆగి, "పోతె బిడ్డను నేను ఎత్తుకుంట" అన్నాడు.

పోయాను. ధైర్యంగా పోలేదు. ఆ పిల్ల తల్లి వయసు నా వయసే. నేను గుడ్డ తడిపి ఆ పిల్ల కళ్లు తుడుస్తుంటే ఆమె నా వైపు అదోలా చూస్తూ కూర్చుంది.

"మీరు ఎవలమ్మా మాకు? మా సొంతోళ్లే ఒస్తలేరు" అంది.

ఆమెకు నేను ఉపదేశి చెప్పినట్టు చెప్పలేను, మాటలు రావు. "నా కొడుకుకు వచ్చినప్పుడు గిట్లనే ఒకామె వచ్చింది" అన్నాను. "గామెనే నిన్నటిదాక నీ బిడ్డ దగ్గర ఉన్నది."

ఆమె గుట్ట నుంచి తెచ్చుకున్న కుంకుమ పిల్ల నుదుటన పెట్టి, నేను ఏమంటానో అని నా ముఖం చూసింది. నేను గుడ్డ మళ్లీ తడుపుకున్నాను.

ఆ పిల్ల బతికింది. ఒంట్లో సత్తువ వచ్చాక బండి కట్టుకుని పోయారు. మళ్లీ వాళ్లను చూడలేదు.

ఆ మొదటి పూట ఇంటికి తిరిగి వచ్చినప్పుడు మా ఆయన బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అది నన్ను చూసి చేతులు చాపి ఏడ్చింది. "దగ్గరికి తేకు, లోపటికి తీస్కపో" అని అరిచాను. పెరట్లోకి పోయి వేపాకు నీళ్లు ఒంటి మీద గుమ్మరించుకున్నాను. కట్టుకున్న చీర నానబెట్టి, మళ్లీ నీళ్లు పోసుకున్నాను. లోపల బిడ్డ ఆకలికి గుక్కపెడుతోంది. నా రొమ్ములు పాలతో బరువెక్కి కారుతున్నాయి. చేతులు మళ్లీ మళ్లీ రుద్దుకుంటూ, ఇవి శుభ్రమయ్యాయా, ఇక పిల్లను ముట్టుకోవచ్చా అని ఎవరిని అడగాలో తెలియక ఆ తడి ఒంటితో అలాగే నిలబడ్డాను. చివరికి ఆయనే బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.